మూరకర్రతో మండపేట దాకా

మండపేట వెళ్లొచ్చానంటే మా రేవులో సగం మంది నవ్వారు, బియ్యం మిల్లుల ఊళ్లో చేపలమ్ముకునేదానికి పనేమిటని. మిగతా సగం మంది ఏం తెచ్చావని అడిగారు. రెండు ఇనప కడ్డీలు తెచ్చానంటే వాళ్లూ నవ్వారు. నోటితో చెప్పబోతే మధ్యలో ఎవరో ఒకరు అడ్డం వస్తారు. అందుకే రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

మాది రాజోలుకి దిగువన సముద్రం ఒడ్డున ఒక రేవు. పేరు రాయను. పక్క రేవు పేరు కూడా రాయను. ఇందులో నేను తిట్టబోయేవాళ్లంతా మాకు చుట్టాలే. రేపు పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చోవాలి.

బయలుదేరే ముందు

మా ఆయన గాలం వేటగాడు. తెప్ప మీద ఒడ్డు కనపడనంత దూరం వెళ్లి, బతికున్న చిన్న చేపని గాలానికి గుచ్చి రెక్కసూర కోసం కాచుకుంటాడు. సూరల్లో అది పెద్దది. పసుపుపచ్చ రెక్కలు, నల్లటి వీపు. మంచిది పడితే ఇద్దరు మోయాలి. ఒక గాలానికి ఒక్క చేప. తాబేలు పడదు, అక్కర్లేని పిల్లచేప పడదు. పడిన వెంటనే మెడ దగ్గర కోసి రక్తం వదిలి, కడుపు శుభ్రం చేసి ఐసులో పెడితే కొనేవాడు బేరం ఆడకుండా పట్టుకెళతాడు.

రెండేళ్లుగా పెద్దవి తగ్గిపోయాయి. ఎందుకో మాకు తెలుసు. పక్క రేవు వాళ్లకి రింగు వల వచ్చింది. గుంపు చుట్టూ గుండ్రంగా వేసి, అడుగున తాడు లాగి సంచిలా మూసేస్తారు. జానెడు సూర, మూరెడు సూర అన్నీ అందులోనే. అంత చిన్నవాటిని మనుషులు సరిగా తినను కూడా తినరు. ఎండబెట్టి కోళ్ల మేతకి అమ్ముతారు.

రెండు రేవుల పెద్దలూ కూర్చుని కట్టుబాటు చేశారు. వల వేశాక మొదట నాలుగు చేపలు తీసి కొలవాలి. మూర కన్నా చిన్నవైతే వల వదిలేసి గుంపుని పోనివ్వాలి. గాలానికి పడినా అంతే, వెనక్కి వదలాలి. దండోరా వేయించారు. బాగానే ఉంది కదా? వారం తిరక్కుండా ఒడ్డున కొట్లాట. మూరంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పక్క రేవు వాడు పిడికిలి బిగించి కొలుస్తున్నాడు! "మా తాతలు ఇలాగే కొలిచేరండి" అన్నాడు మొహం తిప్పుకోకుండా.

దాంతో మా పెద్ద సత్తిరాజు గారు తన చెయ్యి కొలిచి ఒక సరుగుడు కర్ర కోయించారు. కర్రకి తోడు నేనొక కాగితం రాశాను: "సత్తిరాజు గారి మూర, అంటే ఈ కర్ర." వేట నిషేధం నడుస్తోంది, పడవలన్నీ ఇసకలో బోర్లా పడున్నాయి. వేట తెరిచేలోగా పక్క రేవు వాళ్లు కాగితం మీద వేలిముద్రలు, కర్ర మీద గుర్తు వేయాలి. వేయకపోతే మనం కూడా రింగు వల కొనేద్దామని మా పెద్దలు తేల్చేశారు. అందరూ ఊడ్చుకుంటుంటే మనం గాలం పట్టుకు కూర్చోవడం ఎందుకట. రెండు రింగు వలలు దిగితే మా ఆయన గాలానికి తగిలేది నాచు ఒక్కటే.

చదవడం వచ్చినదాన్ని కాబట్టి నన్ను పంపారు. నాకు తోడుగా మా ఆయన అక్క అప్పాయమ్మ వదిన వచ్చింది. ఆవిడకి చదువు రాదు, వచ్చినవాళ్లంటే పడదు.

పక్క రేవు

అక్కడి పెద్ద వీరన్న గారు మర్యాదలో లోటు చేయలేదు. చాప వేశారు, కొబ్బరి బోండాలు కొట్టించారు.

"ఏమ్మా నాగేశ్వరమ్మా, కాగితం నువ్వే రాసేవంట కదా? ఏదీ, చదువు, మా వాళ్లందరూ వింటారు."

అలా అడిగితే నాకు ఆనందం కాదా? నిలబడి ఒక్కో మాటా విడగొట్టి చదివాను. ఎవరో "మళ్లీ ఒకసారండి" అన్నారు. మళ్లీ చదివాను. ఈలోగా కర్రని గుర్తు చెక్కడానికి పడవల వెనక్కి పట్టుకెళ్లారు. తిరిగి ఇచ్చేటప్పుడు మధ్యలో చేపతోక గుర్తు ఉంది, కొసకి తారు పూసి ఉంది.

"తారెందుకండీ?"

"చివర చీకిపోకుండా అమ్మా. పడవకి పూయమా ఏంటి?"

ఎంత శ్రద్ధో అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

వేలిముద్రలు మాత్రం వేయలేదు. "మేం వేస్తామమ్మా, ఆయ్. కానీ వల మాది కాదు కదా. మండపేట మిల్లు ఆసామిది. ఆయన ఊఁ అంటే మేమూ ఊఁ" అన్నారు వీరన్న గారు. ఈ ముక్క బోండాలు కొట్టకముందే చెప్పొచ్చు.

"వెనక్కి పోదాం పద" అంది వదిన.

"మండపేట పోదాం" అన్నాను నేను.

అమలాపురం

ఆసామికి ఇద్దామని ఎండు సూర ముక్కలు గుడ్డలో మూటకట్టి తెచ్చాను. బస్సులో కండక్టరు ముక్కు మూసుకుని మమ్మల్ని వెనక సీటుకి పంపాడు. అక్కడ కూర్చున్నాయన లేచి ముందుకెళ్లిపోయాడు. "చదువుకున్నదానివి కదా, ఈ వాసన పోయే మంత్రం చదువు" అంది వదిన. దారి పొడుగునా ప్రతి బోర్డూ నా చేత చదివించింది. సోడా కొట్టు, సైకిల్ షాపు, దంతవైద్యం. ఒక్కటీ ఆవిడకి పనికొచ్చేది కాదు.

అమలాపురంలో చేపల ఆఫీసుకి వెళ్లాం. కట్టుబాటు కాగితం మీద అక్కడి మనిషి కూడా ఒక మాట రాస్తే ఆసామి దగ్గర బరువుంటుందని నా ఆశ. బల్ల ముందు ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. ఎండ నడినెత్తికొచ్చి దిగిపోయేదాకా బెంచీ మీద కూర్చున్నాం. చివరికి ఒక చిన్న వయసు అమ్మాయి వచ్చింది, ఆవిడే ఆఫీసరు. నా కాగితం మొత్తం చదివింది. అది చాలు అనుకునేలోపే అంది:

"చాలా బాగా రాశారండీ. కానీ మూర సరిపోదండి."

"సరిపోదంటే?"

"రెక్కసూర మొదటిసారి గుడ్డు పెట్టేసరికి ఇంచుమించు రెండు మూరలు ఉంటుందండి. మూరెడుదంటే ఇంకా పిల్లే."

నాకు ఒళ్లు మండింది. "మూరెడు సూర కడుపులో గుడ్డు నా చేత్తో తీశానమ్మా. ఒకసారి కాదు, వందసార్లు."

ఆ అమ్మాయి కోప్పడలేదు. గోడ మీద బొమ్మలు చూపించింది. "ఇది చూడండి, ఇది చిన్న సూర. జాతే వేరండి. ఇది ఇంతకన్నా పెద్దగా పెరగదు, మూరెడుకే గుడ్డు పెడుతుంది. మీరు చూసింది దీని గుడ్డు. రెక్కసూర పిల్లలు దీని గుంపులోనే కలిసి తిరుగుతాయి, అందుకని ఒకేలా కనపడతాయి."

నలభై ఏళ్లుగా చేప కోస్తున్నాను. ఒకదాని గుడ్డు చూసి ఇంకోదానికి పెద్దరికం కట్టబెట్టాం మేమందరం. పెద్దలు, దండోరా, కర్ర, కాగితం, అన్నీ దాని మీదే.

బయటికొచ్చాక వదిన, "ఇప్పుడేం చేస్తావు, రెండు మూరలని దిద్దుతావా?" అంది.

"ఒక్క మూరకే పిడికిలి బిగిస్తున్నారు వదినా. రెండంటే కాగితం చింపేస్తారు."

"అయితే ఆ పిల్ల దగ్గరకి ఎందుకెళ్లాం?"

నిజమే. తెలియకపోతే హాయిగా ఉండేది.

కొత్తపేట, పలివెల

రెండో రోజు కొత్తపేటలో భోజనం చేశాం, పదిహేను రూపాయలు. పనసపొట్టు కూర ఆవపెట్టి చేశారు, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. మా వైపు ఆ డబ్బుకి పెరుగు స్థానంలో మజ్జిగ, పనస స్థానంలో ఏమీ ఉండదు. హోటలాయన మా మూట వాసన పట్టి ఏమిటని అడిగాడు. సూర అన్నాను.

"సూరా? బొచ్చె తింటాం, శీలావతి తింటాం, పులస దొరికితే పండగే. సూర ఎవరు తింటారండీ, నల్ల మాంసం?"

"విమానాల్లో ఎక్కించి పట్టుకెళ్లి పచ్చిదే తింటారంట విదేశాల్లో" అన్నాను.

"వండుకోవడం రాక అయ్యుంటుందండి" అన్నాడు. వదిన అంత గట్టిగా నవ్వడం ఆ మూడు రోజుల్లో అదొక్కసారే.

వదిన పలివెల వెళ్లి తీరాలంది. ఉమా కొప్పులింగేశ్వరస్వామికి తమ్ముడి గాలం గురించి మొక్కుకుందట. స్వామికి కొప్పు ఉంటుంది, అది చూడాలి. ఆసామి మిల్లులో దొరికే వేళ దాటిపోతుందేమోనని నాకు గుబులు. అయినా వెళ్లాం. గుడి బయట ఒక పూలమ్మాయి దగ్గర వదిన రెండు మూరల మల్లెపూలు తీసుకుంది. పూలవాళ్ల చేతులు ఎప్పుడూ పొట్టివేనని ఆవిడ నమ్మకం. చెయ్యి సంచిలో పెట్టి మన మూరకర్ర తీసి దండ కొలిచింది.

రెండు సార్లు కర్ర పెట్టాక కూడా దండ నాలుగు వేళ్లు మిగిలింది.

"చూశావా మరదలా, మోసం చేయబోయి తనే మోసపోయింది!"

"నేను సరిగానే కొలిచేనమ్మా. మీ కర్రే పొట్టిది" అంది పూలమ్మాయి.

"ఊరుకో. ఇది పెద్దమనుషుల మూర!"

ఆ అమ్మాయి తల దించుకుని ఇంకో దండ కట్టుకోసాగింది. నేను కూడా పట్టించుకోలేదు. నా బుర్ర అమలాపురంలో ఉండిపోయింది.

మండపేట

మూడో రోజు పొద్దున మండపేటలో దిగాం, ఏ వీధిలో చూసినా లారీలే. గాలిలో ఊక ఎగురుతుంటుంది, మా దగ్గర ఇసక ఎగిరినట్టు. మొహం తుడుచుకుంటే చేతికి సన్నటి దుమ్ము. మిల్లు ఆసామి ఆరడుగుల మనిషి, తెల్లటి బనీను, చెవి మీద పెన్సిలు. సముద్రం ఎప్పుడైనా చూశారా అంటే, "అంతర్వేది తీర్థానికి చిన్నప్పుడు వెళ్లేను. కాళ్లు తడిపి వచ్చేశాను" అన్నారు. వల ఆయనది. చేప ఆయన ఇంట్లో వండరు. ఎండు సూర మూట గుమ్మం బయటే పెట్టించారు.

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. తర్వాత నన్ను మిల్లులోకి తీసుకెళ్లి వరసగా చూపించారు.

"ఇది బియ్యం. ఇది నూక, ఇదీ అమ్ముతాం. ఇది తవుడు, ఇదీ అమ్ముతాం. ఊక ఇటికల బట్టీకి వెళ్తుంది. నా దగ్గర పారేసేది ఏదీ లేదమ్మా. చిన్న చేపయినా అంతే, దానికీ కొనేవాడున్నాడు. వదిలెయ్యమంటావేంటి?"

"నూక ఎన్నాళ్లు ఉంచినా బియ్యం అవదండి. ఇది అవుతుంది."

ఆయన నవ్వారు. "మాట నేర్చేవు. కానీ నేను ఎవరి కాగితం మీదా సంతకం పెట్టనమ్మా, అది నా పద్ధతి. ఏదీ, ఆ కర్ర చూపించు."

కర్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. తన మోచేతి పక్కన పెట్టుకుని చూశారు. "మీ పెద్దాయన బాగా పొట్టా?"

"కాదండీ, మా ఆయనకన్నా పొడుగు."

"మరి ఇదేంటి, చిన్నపిల్ల చెయ్యిలా ఉంది?"

విసుగొచ్చి నా చెయ్యి చాపాను. కర్ర కోయించిన రోజు ఇంట్లో నా చేతితో కొలిచి చూసుకున్నాను, నా వేలి కొస దాటి రెండు వేళ్లు కర్ర ఎక్కువ ఉంది. ఇప్పుడు నా నడిమి వేలే కర్ర దాటి రెండు వేళ్లు బయటికొచ్చింది. మొత్తం నాలుగు వేళ్లు పోయింది.

ఆసామి జేబులోంచి చాకు తీసి కొసన ఉన్న తారు గీకారు. కింద తెల్లటి పచ్చి కోత. రంపం గీతలు కూడా ఆరలేదు.

కాగితంలో ఒక్క అక్షరం మారకుండా మూడు రోజులు రొమ్ముకి హత్తుకుని తిరిగాను. కర్రని సంచిలో పడేశాను. నేను నిలబడి గొప్పగా రెండోసారి చదువుతున్నప్పుడే పడవల వెనక రంపం ఆడింది. పూలమ్మాయి మొహం గుర్తొచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపుతో కాదు, కోపంతో.

వదిన గుమ్మంలోంచే అందుకుంది. "పడవకి పూయమా ఏంటి అన్నాడు! ఆ వీరన్నకి నేనే పూస్తానుండు తారు!"

నాకన్నా ఎక్కువ కోపం ఆసామికి వచ్చింది. ముప్పై ఏళ్లుగా మండపేటలో తన కాటా తప్పని ఒక్కడూ అనలేదట. "నా వల వేసేవాళ్లు, నా పేరు చెప్పుకుని, కొలకర్ర కోశారా? రేపు ఎవరైనా ఏమంటారు? మిల్లాయన కోయించేడంటారు!" చేప మీద జాలితో కాదు, కొలత తప్పిందన్న అవమానంతో ఆయన ఊగిపోయారు. మిల్లులో పనిచేసే మేస్త్రిని పిలిచి ఇనప కడ్డీ తెమ్మన్నారు. "రెండు ముక్కలు కొయ్యి. ఒకటి వాళ్లకి, ఒకటి వీళ్లకి. దీన్ని ఎవడు కోస్తాడో చూస్తాను. చిన్నవి పడితే వల వదలమని నేను చెప్పేనని చెప్పు. వదలకపోతే వల వెనక్కి తెప్పించేసుకుంటాను."

మేస్త్రి సుద్దముక్క పట్టుకుని అడిగాడు. "ఎంతకి కొయ్యమంటారండీ?"

"ఆవిడనడుగు" అన్నారు ఆసామి.

అందరూ నా వైపు చూస్తున్నారు. రెండు మూరలు అంటే రెండు మూరలకే కోసేవాడు. ఆ కోపంలో ఆసామి అడ్డు చెప్పేవారు కాదు. ఆఫీసరమ్మాయి మాట నా చెవిలోనే ఉంది. కానీ కాగితం మీద ఒక మూర అని ఉంది, నా చేత్తో రాసింది. మా పెద్దలు ఒప్పుకున్నది ఒక మూరకి. వాళ్లు కర్ర కోసి తగ్గిస్తే నేను కడ్డీ కోసి పెంచడమా?

"నా చెయ్యి, ఆ మీద రెండు వేళ్లు" అన్నాను.

తిరుగు దారి

బస్సెక్కగానే వదిన మొదలెట్టింది.

"నోటి దగ్గరకొచ్చింది వదిలేశావు. వాళ్లు దొంగలు కదా, మనం ఒక్కసారి దొంగలమైతే ఏం పోయేది?"

"కాగితం అబద్ధమయ్యేది."

"కాగితం! నా తమ్ముడు తినేది కాగితమా?"

ఆవిడ అన్నది తప్పని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. కడ్డీలు రెండూ ఒళ్లో పెట్టుకున్నాను, కాగితం సంచిలో పడేశాను. కొత్తపేటలో బస్సు మారేటప్పుడు పలివెల వెళ్లి ఆ పూలమ్మాయికి ఒక మాట చెబుదామన్నాను. వదిన ఒప్పుకోలేదు. "ఏమని చెబుతావు, మా పెద్దమనుషులు పొట్టివాళ్లనా?" అంది.

పక్క రేవులో కడ్డీ ఇసకలో గుచ్చి ఆసామి మాట చెప్పాను. కర్ర తీసి, గీకిన కొస చూపించాను. వీరన్న గారు దాన్ని చూసి, "కుర్రోళ్లు ఎవరో చేసుంటారమ్మా" అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన పక్కనున్న ముసలివాళ్లందరూ సముద్రం వైపు చూస్తున్నారు. వేలిముద్రలు పడ్డాయి. బోండాలు ఇస్తే ఈసారి తాగలేదు. వదిన తాగింది, రెండు.

వేట తెరిచాక

మా పెద్దలు ఆ ఏడాది రింగు వల కొనలేదు. వీరన్న గారి వాళ్లు రెండుసార్లు వల వదిలేశారని మా వాళ్లే కళ్లారా చూసి చెప్పారు. మూడోసారి ఏం చేశారో ఎవరూ చూడలేదు.

వేట తెరిచిన రోజు మా ఆయన మొదటి చేప తెచ్చాడు, రెక్కసూరే. కడ్డీ పెట్టి కొలిచారు. మూర దాటి జానెడు ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. కట్టుబాటు ప్రకారం సరైన చేప. నేను కడుపు చీల్చి చూశాను. గుడ్డు లేదు, గుడ్డు జాడ కూడా లేదు. ఆయన నా మొహం చూసి ఏమైందన్నాడు. అమలాపురంలో విన్నది అప్పుడు చెప్పాను. మూడు రోజుల్లో చెప్పనిది, అందరూ చప్పట్లు కొట్టాక చెప్పాను.

"అయితే రెండు సార్లు పెట్టి కొలవాలంటావు" అన్నాడు.

"నేను అనడం లేదు. కాగితంలో లేదు."

"కాగితంలో ఉన్నదే చెయ్యాలని కూడా లేదుగా" అన్నాడు. కడ్డీని పట్టుకెళ్లడానికి పెద్దలు ఒప్పుకోరని, దాని కొలతకి వెదురు బద్ద ఒకటి కోసుకుని తెప్పలో పెట్టుకున్నాడు.

తర్వాత వేటకి పక్క తెప్పలవాళ్లు నాలుగేసి చేపలతో దిగారు. మా తెప్పలో ఒక్కటే. వదిన ఒడ్డునే అందుకుంది. "చదువుకున్న పెళ్లాం ఉంటే ఇంతే తమ్ముడా, చేపల్ని కూడా బడికి పంపేస్తావు!" అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్ని వదిలేశావని అడిగాను. ఐదు అన్నాడు. ఐదే! ఐసు ఖర్చుకి కూడా రాదు కదా అని గొణుక్కుంటూనే బద్ద తీసుకుని ఆ ఒక్కదాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

ఒకసారి పెట్టాను. మళ్లీ పెట్టాను. రెండు మూరలు దాటి తోక ఇంకా మిగిలింది. నా వేళ్లు పెట్టి చూసుకున్నాను.

నాలుగు వేళ్లు.

వదిన వంగి చూసింది. "మళ్లీ కొలువు" అంది. ఈసారి నవ్వలేదు.